చెప్పినవాడికి శిక్ష, పోగొట్టినవాడికి రక్ష

మీ పాస్‌వర్డ్ మీ సెల్ నంబరేనా?

అయితే ఈ లెక్క వినండి. మన సెల్ నంబర్లు ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది అంకెల్లో ఏదో ఒకదానితో మొదలవుతాయి. అలాంటి పదంకెల నంబర్లు మొత్తం 400 కోట్లు. మీరు ఖాతా తెరిచిన కంపెనీ మీ పాస్‌వర్డును ఎండీ5 అనే పాతకాలపు పద్ధతిలో దాచిందనుకోండి. ఆ ఫైలు దొంగ చేతికి చిక్కిందనుకోండి. గేములాడుకునే ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి ఆ 400 కోట్ల నంబర్లనూ వేసి చూడడానికి ఎంతసేపు పడుతుంది?

సెకనులో నలభయ్యో వంతు.

మీరు రెప్ప వేసి తెరిచేలోపు పని అయిపోతుంది.

భయం వేసిందా? వేయలేదు కదూ! ‘మన దగ్గరేముంది దోచుకోవడానికి’ అనుకుని పేజీ తిప్పబోతున్నారు కదూ! ఆగండి. నా కోపమంతా మీ ఆ ధీమా మీదే.

ఆ కార్డు దొంగ సరుకు కాదు. 2022 అక్టోబరులో వచ్చింది. లక్షన్నర పెట్టి బిల్లుతో సహా కొనుక్కున్నారు జనం. ఇలాంటి కార్డులు కావాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కితే చాలు. అంత డబ్బు లేనివాడికి గంటల లెక్కన అద్దెకిచ్చే క్లౌడ్ కంపెనీలున్నాయి. పాస్‌వర్డులు పగలగొట్టే హాష్‌క్యాట్ ప్రోగ్రాం పూర్తిగా ఉచితం. 2015 డిసెంబరు నుంచి దాని కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంది. ఇందులో రహస్యం ఏదీ లేదు. అంతా అంగట్లోనే ఉంది.

మరి మనకెందుకు పట్టలేదు?

అసలు జరిగేదేమిటో చెబుతాను. బుద్ధి ఉన్న ఏ కంపెనీ అయినా మీ పాస్‌వర్డును ఉన్నదున్నట్టు రాసి పెట్టుకోదు. దాన్ని హాష్ చేసి పెడుతుంది. రోట్లో నూరిన పచ్చడి నుంచి మిరపకాయల్ని వెనక్కి తీయలేం. కానీ అవే దినుసులు, అదే కొలతలో మళ్లీ నూరి, ఇదీ అదీ ఒకటేనా అని రుచి చూడొచ్చు. పాస్‌వర్డులు పగలగొట్టేవాడు చేసేది ఇంతే. ఒక మాట ఊహిస్తాడు, హాష్ చేస్తాడు, దొంగిలించిన దానితో పోల్చి చూస్తాడు. కలవకపోతే ఇంకో మాట. గేములో తెర మీది లక్షల చుక్కలకు ఒకేసారి రంగు వేయడానికి తయారుచేసిన కార్డు అది. దాని లోపల లెక్కలు చేసే కోర్లు 16,384. ఎండీ5 హాష్ అయితే సెకనుకు దాదాపు 16,400 కోట్ల ఊహలు వేసి చూస్తుంది.

‘ఎనిమిది అక్షరాలు ఉండాలి, ఒక క్యాపిటల్, ఒక అంకె, ఒక గుర్తు తప్పనిసరి.’ ఈ రూలు చూసి భద్రంగా ఉన్నామనుకున్నారు కదా? కీబోర్డు మీద ఉన్న అన్ని అక్షరాలు, అంకెలు, గుర్తులతో ఎనిమిదక్షరాల పాస్‌వర్డులు ఎన్ని రకాలుగా చేయొచ్చో అన్నీ వేసి చూడడానికి ఆ కార్డుకు పట్టేది పదకొండు గంటలు. రాత్రి ఆన్ చేసి పడుకుంటే తెల్లారేసరికి అయిపోతుంది.

దొంగకు అంత ఓపిక కూడా అక్కర్లేదు. ఎందుకంటే మనం ఏం పెడతామో వాడికి ముందే తెలుసు. పేరు. పేరులో మొదటి అక్షరం క్యాపిటల్. తరువాత @ గుర్తు. చివర 123, లేదా పుట్టిన సంవత్సరం. లక్ష్మి@1987. వెంకట్@123. గుర్తు పెట్టమన్నారు, పెట్టాం. అంకె వేయమన్నారు, వేశాం. అందరం ఒకే చోట పెట్టాం, ఒకే చోట వేశాం. పగలగొట్టే ప్రోగ్రాముకు పేర్ల జాబితా ఒకటిచ్చి, ‘చివర @ పెట్టి 1950 నుంచి 2010 దాకా ఏళ్లన్నీ తగిలించు’ అని ఒక్క వరుస నియమం రాస్తే చాలు. లక్ష పేర్లిచ్చినా 61 లక్షల ఊహలే. సెకనులో ఆవగింజంత భాగం కూడా పట్టదు.

ఇది ఇవాళ కొత్తగా బయటపడిన సంగతా? కాదు.

2007లోనే రష్యాకు చెందిన ఎల్కమ్‌సాఫ్ట్ కంపెనీ గ్రాఫిక్స్ కార్డుతో పాస్‌వర్డులు ఎంత వేగంగా పగలగొట్టొచ్చో ప్రకటించింది. 2008 డిసెంబరులో పరిశోధకులు 200 ప్లేస్టేషన్ 3 ఆట పెట్టెల్ని కలిపి, ఎండీ5 లోపాన్ని వాడుకుని, బ్రౌజర్లన్నీ నమ్మే నకిలీ సర్టిఫికెట్ తయారుచేసి చూపించారు. 2012 డిసెంబరులో జెరెమీ గాస్నీ అనే నిపుణుడు 25 గ్రాఫిక్స్ కార్డులు జోడించి సెకనుకు 35,000 కోట్ల ఊహలు వేయించాడు. ఎనిమిదక్షరాల విండోస్ పాస్‌వర్డు ఏదైనా సరే ఐదున్నర గంటల్లో దొరికిపోతుందని ఓస్లో సదస్సులో అందరి ముందూ చూపించాడు. ఆ విండోస్ హాష్‌ల మీద అప్పుడు 25 కార్డులు చేసిన పనికి దగ్గరగా ఇప్పుడు ఒక్క కార్డు చేస్తోంది.

చెప్పారు. చూపించారు. కొలిచి మరీ ఇచ్చారు.

మనం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాం.

మందు లేని రోగమైతే ఏడ్చి ఊరుకుందును. మందు ఉంది. కావాలనే నెమ్మదిగా నడిచే హాష్ పద్ధతి, బీక్రిప్ట్, 1999లోనే వచ్చింది. ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలు పుట్టకముందు! అదే కార్డు మీద, అదే కరెంటుతో, బీక్రిప్ట్‌ను పరీక్షలకు వాడే తేలిక అమరికలో పెట్టినా, సెకనుకు పడేది లక్షా ఎనభై నాలుగు వేల ఊహలే. ఎండీ5 దగ్గర పదకొండు గంటల్లో ముగిసే పనికి ఇక్కడ వెయ్యేళ్లు దాటుతుంది. అసలైన వాడకంలో అమరికను ఇంకా పెంచుతారు, ఇంకా నెమ్మదిస్తుంది. 2015లో ఆర్గాన్2 వచ్చింది. గ్రాఫిక్స్ కార్డుల వేగాన్ని మింగడానికే పుట్టిన పద్ధతి అది. రెండూ ఉచితమే. లైసెన్సు ఫీజు లేదు. కొత్త సర్వర్ల పొలం అక్కర్లేదు. కొన్ని వరుసల కోడ్ మార్పు.

పదకొండు గంటలా, వెయ్యేళ్లా? దీన్ని తేల్చేది దొంగ కాదు. మీ పాస్‌వర్డు దాచిన కంపెనీ. ఆ కంపెనీలో కోడ్ రాసిన మనిషి. ఆ మనిషికి టైమివ్వని మేనేజరు.

ఇన్నేళ్లూ వాళ్లు ఏం తేల్చారో చూస్తారా?

2009లో రాక్‌యూ అనే కంపెనీ 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డుల్ని హాష్ కూడా చేయకుండా ఉన్నవి ఉన్నట్టే పెట్టి పోగొట్టుకుంది, ఆ జాబితానే ఇవాళ్టికీ ప్రపంచంలో పాస్‌వర్డులు పగలగొట్టే ప్రతివాడికీ మొదటి పాఠ్యపుస్తకం, 2012లో లింక్డిన్ నుంచి 65 లక్షల హాష్‌లు బయటపడితే వాటిలో ఒక్కొక్కరికీ వేరుగా కలపాల్సిన సాల్ట్ కూడా కలపలేదని తేలింది, నాలుగేళ్ల తరువాత అసలు పోయినవి 11 కోట్ల 70 లక్షలని తెలిసింది, 2013లో అడోబీ 15 కోట్ల పైచిలుకు ఖాతాలు పోగొట్టుకుని వాటి పక్కనే జనం రాసుకున్న గుర్తుమాటల్ని కూడా అందరూ చదివేలా వదిలేసింది, అదే ఏడాది యాహూలో జరిగిన దొంగతనంలో ఎన్ని ఖాతాలు పోయాయో చెప్పడానికి 2017 దాకా పట్టింది, ఆ సంఖ్య 300 కోట్లు, అక్కడా ఎండీ5 హాష్‌లే, 2015లో యాష్లీ మాడిసన్ అనే డేటింగ్ వెబ్‌సైటు బీక్రిప్ట్ పెట్టి కూడా పక్కనే అదే పాస్‌వర్డు నుంచి చేసిన ఎండీ5 ముక్కను ఉంచడంతో కోటీ పది లక్షల పాస్‌వర్డులు రోజుల్లో రాలిపోయాయి, 2017లో జొమాటో నుంచి కోటీ 70 లక్షల మంది వివరాలు పోయాయి, 2019లో ఫేస్‌బుక్ కోట్లాది పాస్‌వర్డుల్ని తన ఉద్యోగులకు కనిపించేలా ఉన్నదున్నట్టు రాసిపెట్టుకున్నానని ఒప్పుకుంది, ఐర్లండ్ అధికారులు దానికి జరిమానా వేసేసరికి 2024 వచ్చింది, 2020లో బిగ్‌బాస్కెట్ నుంచి రెండు కోట్ల మందికి పైగా పేర్లు, ఇంటి అడ్రసులు, ఫోన్ నంబర్లు, పుట్టిన తేదీలు, ఎస్‌హెచ్‌ఏ1 అనే మరో పాత పద్ధతి హాష్‌లతో సహా పోయాయి, మరుసటి ఏడాది వాటిని ఊరికే పంచిపెట్టారు, 2022లో పాస్‌వర్డులు దాచడమే వ్యాపారమైన లాస్ట్‌పాస్ నుంచి కస్టమర్ల ఖజానాల కాపీలే ఎత్తుకుపోయారు, పాత కస్టమర్ల ఖాతాల్లో రక్షణ అమరిక ఏళ్ల తరబడి పెంచకుండా వదిలేశారని అప్పుడు బయటపడింది, 2023లో ఇంగ్లండులో 158 ఏళ్ల చరిత్ర ఉన్న కేఎన్‌పీ లారీల కంపెనీ ఒక ఉద్యోగి పెట్టుకున్న బలహీనమైన పాస్‌వర్డు దొంగలకు చిక్కడంతో మూతపడింది, 700 మంది రోడ్డున పడ్డారు, ఇన్ని జరిగాక కూడా ‘పాస్‌వర్డ్ మరిచిపోయాను’ అని నొక్కితే మీ పాత పాస్‌వర్డే మెయిల్లో పంపే వెబ్‌సైట్లు ఇంకా నడుస్తున్నాయి, మీరింకా వాటికి డబ్బు కడుతున్నారు!

ఊపిరి తీసుకున్నారా? ఇప్పుడు చెప్పండి. వీటిలో ఎన్నింటిలో మీ ఖాతా ఉంది?

తెలియదు. అడగలేదు. ఎప్పుడూ అడగలేదు.

‘కూరగాయల యాప్ పాస్‌వర్డు పోతే నాకేంటి’ అంటారా? అదే పాస్‌వర్డు మీ మెయిల్‌కు పెట్టలేదూ? మెయిల్ చేతికొస్తే మిగతా ఖాతాలన్నిటికీ పాస్‌వర్డు మార్చుకునే లింకు ఎక్కడికొస్తుంది? ఆ మెయిల్లో మీ పాన్ కార్డు లేదూ? ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలు లేవూ? అమ్మానాన్నల ఆధార్ లేదూ?

ఆధార్ అన్నాను కాబట్టి ఆ ముచ్చటా చూడండి. డౌన్‌లోడ్ చేసుకున్న ఈ-ఆధార్ ఫైలుకు పాస్‌వర్డు ఏమిటి? మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ప్రభుత్వమే పెట్టిన పద్ధతి. దేశమంతటికీ ఒకటే పద్ధతి. పేరు తెలిసినవాడికి మిగిలేది సంవత్సరం. వంద ఊహల్లో తెరుచుకుంటుంది. దానికి గ్రాఫిక్స్ కార్డు కూడా దండగ. ఆ ఫైలును నెట్ సెంటర్లో ప్రింట్ తీయించుకుని, అక్కడి డౌన్‌లోడ్స్ ఫోల్డరులోనే వదిలేసి వచ్చిందెవరు? మీ ముందు వచ్చినవాళ్ల ఫైళ్లు అదే ఫోల్డరులో వరసగా కనిపిస్తే ఒక్కరైనా నోరు తెరిచి అడిగారా?

ఇక చట్టం. ‘ఇలా పగలగొట్టడం నేరం కాదా?’ అంటారు. అవును, నేరమే. కానీ ఏది నేరమో సరిగ్గా వినండి.

కార్డు కొనడం నేరం కాదు. హాష్‌క్యాట్ దింపుకోవడం నేరం కాదు. మీరు మరిచిపోయిన మీ సొంత ఫైలు పాస్‌వర్డు తీసుకోవడం నేరం కాదు. కంపెనీ రాతపూర్వకంగా అనుమతిస్తే దాని పాస్‌వర్డుల బలం పరీక్షించడం నేరం కాదు, అది ఉద్యోగం. నేరస్తుల కంప్యూటర్లు తెరవడానికి పోలీసులూ ఇలాంటి కార్డులే వాడతారు. అనుమతి లేకుండా ఇంకొకరి కంప్యూటరులోకి దురుద్దేశంతో చొరబడితే ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు. మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. ఇంకొకరి పాస్‌వర్డును మోసపూరితంగా వాడితే 66సీ. మళ్లీ మూడేళ్ల దాకా.

బాగుంది. తీసినవాడికి చట్టముంది. మరి తెరిచిపెట్టినవాడికి?

ఐటీ చట్టం కింద 2011లో తెచ్చిన నిబంధనల్లో సున్నితమైన వ్యక్తిగత సమాచారం అంటే ఏమిటో జాబితా ఇచ్చారు. అందులో మొట్టమొదటి మాట ఏమిటో తెలుసా? పాస్‌వర్డు. దాన్ని కాపాడడంలో కంపెనీ నిర్లక్ష్యం చేస్తే నష్టపోయిన మనిషికి పరిహారం ఇవ్వాలని ఆ చట్టంలోని 43ఏ సెక్షన్ చెప్పింది. మీకు తెలిసినవాళ్లలో ఒక్కరైనా ఆ పరిహారం అడిగారా? ఎవరిని అడగాలో తెలుసా? రాష్ట్ర ఐటీ కార్యదర్శే ఆ ఫిర్యాదు విని తీర్పు చెప్పే అధికారి. ఈ సంగతి మీకు ఎవరైనా చెప్పారా? మీరు కనుక్కున్నారా?

2023లో కొత్త వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. రక్షణ చర్యలు తీసుకోని కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా. చప్పట్లు కొట్టకండి. నిబంధనలు వచ్చేసరికి 2025 నవంబరు అయింది. వచ్చాక కంపెనీలకు 18 నెలల గడువు. ఆ జరిమానా ఎవరికి పోతుంది? కేంద్ర ప్రభుత్వ ఖజానాకు. డేటా పోయినది మీది. మీకు పైసా రాదు. అంతేనా? మీకు పరిహారం ఇమ్మన్న ఆ 43ఏ సెక్షన్‌ను తీసేయమని ఇదే చట్టంలో రాశారు. పైగా మీ ఫిర్యాదు పనికిమాలినదని తేలితే మీకే పది వేల దాకా జరిమానా.

ఇది మన పార్లమెంటులో పాసైంది. మీ ఎంపీని ఒక్క ప్రశ్న అడిగారా?

ఇంతకంటే సిగ్గుచేటు ఇంకొకటుంది. లోపం ఉందని చెప్పినవాడి మీదే కేసు పెట్టడం.

అమెరికాలో ర్యాండల్ ష్వార్ట్జ్ అనే ప్రోగ్రామరు ఇంటెల్ కంపెనీ పాస్‌వర్డుల ఫైలును అనుమతి లేకుండా పరీక్షించి, ఎంత బలహీనంగా ఉన్నాయో చూశాడు. 1995లో కోర్టు అతన్ని దోషి అంది. అనుమతి తీసుకోవాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ ఆ మచ్చ రికార్డుల్లోంచి తొలగడానికి 2007 దాకా పట్టింది. జర్మనీలో ఒక ప్రోగ్రామరు తన క్లయింటు సమస్య వెతుకుతూ, ఒక కంపెనీ సాఫ్ట్‌వేరులోనే పాస్‌వర్డు చదవగలిగేలా పడి ఉండడం చూశాడు. దానితో దాదాపు ఏడు లక్షల మంది కస్టమర్ల వివరాలు తెరుచుకుంటున్నాయి. బయటపెట్టాడు. పోలీసులు అతని ఇల్లు సోదా చేశారు. 2024 జనవరిలో కోర్టు అతనికి 3,000 యూరోల జరిమానా వేసింది. మన దగ్గర? 2018 జనవరిలో, 500 రూపాయలిస్తే ఆధార్ వివరాలు దొరుకుతున్నాయని రాసిన ట్రిబ్యూన్ పత్రిక విలేకరి పేరు ఎఫ్‌ఐఆర్‌లో ఎక్కింది.

మంచి ఉద్దేశంతో లోపాలు వెతికేవాళ్ల మీద కేసులు పెట్టబోమని అమెరికా న్యాయశాఖ 2022లో రాసి ప్రకటించింది. మన ఐటీ చట్టంలో ఆ మాట స్పష్టంగా ఎక్కడుంది? లోపం చూసిన కుర్రాడు నోరు మూసుకుంటే అతనికేమీ కాదు. చెబితే కేసు. ఇక ఎవరు చెబుతారు? చెప్పకుండా అమ్ముకునేవాడే కదా మిగిలేది!

తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ నుంచి 2024లో జనం వివరాలు బయటికి పోయాయి. 20 ఏళ్ల విద్యార్థిని పట్టుకున్నారు. పట్టుకోవాల్సిందే. కానీ వార్త అక్కడితో ఆగితే సరిపోతుందా? తలుపు ఎందుకు తెరుచుకుందని మీలో ఎంతమంది అడిగారు? జనం ఫిర్యాదులు తీసుకునే, మహిళల భద్రతకూ వాడే యాప్ అది. ఆపదలో ఉన్న మనిషి నమ్మి ఇచ్చిన నంబరు అది.

ఇప్పుడు సూటిగా మీతో. మాదాపూర్లో, గచ్చిబౌలిలో, విశాఖలో, డల్లాస్‌లో, న్యూజెర్సీలో కూర్చుని కోడ్ రాస్తున్న మీతో.

ప్రపంచమంతా మన తెలుగు ఇంజనీర్లే అని గొప్పలు చెప్పుకుంటాం కదా? మరి ఆ లాగిన్ పేజీ రాసిందెవరు? ఆ డేటాబేసులో ఎండీ5 అని చూసి కూడా చూడనట్టు పోయిందెవరు? ‘పనిచేస్తోందిగా, ముట్టుకోకు’ అన్నదెవరు? ‘క్లయింటు అడగలేదు’ అన్నదెవరు? ‘నెక్స్ట్ రిలీజ్‌లో చూద్దాం, బ్యాక్‌లాగ్‌లో వెయ్’ అన్న టీమ్ లీడ్ ముందు తలూపిందెవరు? ఆ బ్యాక్‌లాగ్ టికెట్ ఎన్ని రిలీజుల నుంచి అలాగే ఉంది? బటన్ రంగు మార్చడానికి వారం రోజులు కూర్చున్న టీముకు, కోట్ల మంది పాస్‌వర్డుల కోసం ఒక్క మధ్యాహ్నం దొరకలేదా?

ఆ కోట్ల మందిలో మీ అమ్మ ఉంది. ఆవిడ పాస్‌వర్డు మీ పేరు. మీరు పుట్టిన సంవత్సరం.

ఆవిడ తప్పా అది?

మిగతావాళ్లు తప్పించుకోకండి. మెయిల్‌కు, బ్యాంకుకు వేరే వేరే పొడుగాటి పాస్‌వర్డులు పెట్టడానికి, రెండో అంచె భద్రత ఆన్ చేయడానికి మీకు పట్టేది అరగంట. సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో వరసగా రాసుకుంటే ఏ కార్డుకైనా చుక్కలు కనిపిస్తాయి. అది మీ పని, చేయండి. కానీ అక్కడితో చేతులు దులుపుకోకండి. మీరెంత మంచి పాస్‌వర్డు పెట్టినా, దాన్ని ఉన్నదున్నట్టు రాసిపెట్టుకునే కంపెనీ దగ్గర మీ తెలివంతా వృథా. అడగండి. మీ బ్యాంకును, మీ పిల్లల కాలేజీని, మీ ఆసుపత్రిని మెయిల్ రాసి అడగండి: మా పాస్‌వర్డులు ఏ పద్ధతిలో దాస్తున్నారు? జవాబు రాకపోతే మళ్లీ అడగండి. పాత పాస్‌వర్డే మెయిల్లో పంపే వెబ్‌సైటును ఇవాళే వదిలేయండి, ఎందుకు వదిలేశారో రాసి మరీ వదిలేయండి. 43ఏ తీసేయడమేమిటని, మా పరిహారం ఏదని మీ ఎంపీని ఊళ్లోకొచ్చినప్పుడు నిలబెట్టి అడగండి.

కోడ్ రాసేవాళ్లారా, మీకు ఒక్కటే మాట. సోమవారం పొద్దున ఆఫీసుకెళ్లి ఆ టికెట్ బయటికి తీయండి. ఎవరైనా ‘తరువాత చూద్దాం’ అంటే, ఆ ముక్క వాళ్ల పేరుతో మెయిల్లో రాసిమ్మనండి. రాసిచ్చే ధైర్యం ఎవరికుందో చూద్దాం.